బిడ్డను తుడిచే తడిగుడ్డలో ఏమున్నది?

పసిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు ఈ రోజుల్లో తప్పక కనబడే వస్తువు ఒకటున్నది. అది ఉయ్యాల ప్రక్కనో, తల్లి చేతిసంచిలోనో ఉంటుంది. పై మూత తీసి లాగితే ఒకదాని వెంట ఒకటిగా పలుచని తడిగుడ్డలు వస్తాయి. వెట్ వైప్స్ అంటారు. ఒకప్పుడు ఇవి పట్నాల్లోనే దొరికేవి. నేడు మండల కేంద్రంలోని మందుల షాపులో కూడా దొరుకుతున్నాయి. బిడ్డ మూతి తుడవాలన్నా, డైపరు మార్చాలన్నా చెయ్యి వాటి మీదికే పోతున్నది.

వీటిని గూర్చి వ్రాయాలనుకోవడానికి కారణం మా ఇంట జరిగిన సంగతే. అందులో మా తప్పు కూడా ఉన్నది గనుక దాచకుండా వ్రాస్తున్నాము. మరొక ఇంట్లో ఒక బిడ్డ ఏడుపు, ఒక తల్లి ఏడుపు తప్పితే మాకు అంతే చాలు.

మా ఇంట జరిగినది

2022 క్రిస్మస్ పండుగకు మా అబ్బాయి, కోడలు, మనుమరాలు హైదరాబాదు నుంచి వచ్చారు. పాపకు అప్పటికి ఏడాదిన్నర. ఎత్తుకోగానే చూశాము, మూతి చుట్టూ ఎర్రగా కందిపోయి పొలుసులు లేస్తున్నది. స్నానం చేయించేటప్పుడు చూస్తే పిర్రల మీద, తొడల సందున చర్మం మరీ ఘోరంగా ఉన్నది. నీళ్లు తగిలితే చాలు, గుక్కపట్టి ఏడ్చేది. రాత్రిళ్లు నిద్ర లేదు. రెండు నెలలుగా ఇదే వరుస అని కోడలు చెప్పింది.

మేము ఊరుకోలేదు. బిడ్డకు వేడి చేసిందన్నాము. పట్నం పాలు పడలేదన్నాము. తల్లి ఉద్యోగానికి పోతుంది, బిడ్డను కనిపెట్టి చూసేవారు లేరు, సమయానికి కడగడం లేదు, అందుకే ఈలాగయింది అని కూడా అన్నాము. ఆ మాట కోడలి ఎదుటే అన్నాము. ఆమె ఎదురు చెప్పలేదు. ఆనాటి నుంచి బిడ్డను మరింత తరచుగా తుడవడం మొదలుపెట్టింది. దేనితో తుడుస్తున్నదో మేము చూస్తూనే ఉన్నాము, గాని దాన్ని గూర్చి ఆలోచించలేదు.

వేపాకు, పసుపు నూరి పట్టించాము. బిడ్డ మంటతో అల్లాడిపోయింది. ఊళ్లోని ఆర్.ఎం.పి. డాక్టరుగారు తామర అని చెప్పి ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది. మానేస్తే వారం తిరగకుండానే మరింతగా వచ్చింది. మరల రాశాము. ఈలాగు మూడుసార్లు జరిగింది.

సంక్రాంతి వెళ్లిన తరువాత పాపను పట్నంలోని చర్మవ్యాధుల డాక్టరమ్మగారి దగ్గరకు తీసుకొనిపోయాము. ఆమె బిడ్డను చూసే ముందు, బట్టలు విప్పుతున్న మా కోడలి చేతులు చూసింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు చివర్లు పగిలి, ఎండి, ఎర్రగా ఉన్నాయి.

"ఈ వేళ్లు ఎప్పటి నుంచి ఇట్లా ఉన్నాయమ్మా?" అని అడిగింది.

"పాపకు వచ్చిన కొన్నాళ్లకే మొదలయిందండీ. గిన్నెలు తోమే సబ్బు వల్లనేమో అనుకున్నాను."

"గిన్నెలు రెండు చేతులతో తోముతారు. నీకు కుడిచేతి మూడు వేళ్లకే వచ్చింది. ఆ వేళ్లతో రోజంతా ఏం పట్టుకుంటావు?"

కోడలు కాసేపు ఆలోచించి, సంచిలో నుంచి ఆ ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది. రోజుకు ఎన్ని వాడుతున్నావని డాక్టరమ్మగారు అడిగితే, లెక్కపెట్టలేదన్నది. లెక్కవేసి చూస్తే ఇరవై దాటాయి. మేము మాటలన్నప్పటి నుంచి ఇంకా ఎక్కువట.

డాక్టరమ్మగారు ప్యాకెట్టు వెనుక చిన్న అక్షరాలు చదివి, ఒక పేరు క్రింద గీత గీసింది. "దీన్ని మూడు వారాలు ముట్టుకోకండి. నీళ్లు, మెత్తని నూలుగుడ్డ, అంతే," అని చెప్పి, కొద్ది రోజులకు మాత్రమే తేలికపాటి మందు వ్రాసింది. రెండు వారాలు తిరిగేసరికి పాప చర్మం మామూలయింది. నెలకు కోడలి వేళ్లు కూడా మానాయి. తరువాత కోడలికి హైదరాబాదులో ప్యాచ్ టెస్టు చేయిస్తే, గీత గీసిన ఆ పదార్థమే పడదని తేలింది.

ఆ పదార్థం ఏమిటి?

దాని పేరు మిథైల్ ఐసోథయాజోలినోన్. నోరు తిరగని పేరే, గాని చేసే పని మనకు తెలియనిది కాదు. తడి ఉన్నచోట క్రిములు, బూజు పెరుగుతాయి. నానిన గుడ్డను బొత్తిగా పెట్టి ఉంచితే రెండో రోజుకే వాసన వస్తుంది. పచ్చడి నిలవ ఉండాలంటే ఉప్పు, కారం, నూనె వేస్తాము. ఆ విధంగానే తడిగుడ్డను నెలల తరబడి చెడకుండా ఉంచాలంటే ఏదో ఒక నిలవ మందు కలపక తప్పదు. కలపకపోతే ఆ గుడ్డే క్రిములకు నిలయమవుతుంది. గనుక మందు కలపడం తప్పని మేము అనడం లేదు. అది పసిచర్మానికి ఏం చేస్తుందన్నదే ప్రశ్న.

1980ల నుంచి షాంపూలలో, క్రీములలో ఈ పదార్థాన్ని దాని జాతికే చెందిన మరొక పదార్థంతో కలిపి వాడుతూ వచ్చారు. ఆ మిశ్రమం కొందరి చర్మానికి పడడం లేదని డాక్టర్లు త్వరలోనే కనుగొన్నారు. రెండింటిలో ఎక్కువ తీవ్రమైన దానిని తీసివేసి, మిథైల్ ఐసోథయాజోలినోన్‌ను మాత్రమే వాడితే ఇబ్బంది ఉండదని తలంచారు. 2005లో ఐరోపా దేశాలు అందుకు అనుమతించాయి. అయితే ఒంటరిగా అది బలహీనమైన మందు గనుక ఎక్కువ వేయవలసి వచ్చింది. మిశ్రమంలో అది 10 లక్షల పాళ్లకు 4 పాళ్లకు లోపే ఉండేది. ఒంటరిగా 100 పాళ్ల వరకు వేయవచ్చన్నారు. అంటే ఇరవై అయిదు రెట్ల పైమాటే.

ఫలితం కొన్నేళ్లకే కనబడింది. ఐరోపాలో చర్మవ్యాధుల ఆసుపత్రులకు ఈ అలర్జీతో వచ్చేవారు ఎక్కువయ్యారు. స్పర్శ వలన కలిగే చర్మవ్యాధులను పరిశీలించే అమెరికా వైద్యుల సంఘం ఏటా ఒక పదార్థాన్ని ఎంచి, దానిని గూర్చి డాక్టర్లను హెచ్చరిస్తుంది. 2013వ సంవత్సరానికి ఎంచినది దీనినే.

ఆరుగురు పిల్లల సంగతి

2014లో అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ వూ చాంగ్, రాధిక నక్రానీ అనే ఇద్దరు ఆరుగురు పిల్లల సంగతి 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో ప్రకటించారు. ఆ పిల్లలకు పిర్రల మీద, ముఖం మీద ఎంతకూ మానని చర్మవ్యాధి ఉండేది. పూత మందులు, నోటి మందులు ఎన్నో వాడినా గుణం కనబడలేదు. ఈలాటి వ్యాధిని మామూలు ఎగ్జిమా అనో, చీముపొక్కులనో, సోరియాసిస్ అనో పొరబడడం జరుగుతున్నదని వారు వ్రాశారు. ఆ ఆరుగురిలో ఒక్కరూ అప్పటికి డైపర్లు వేసుకునేవారు కారు. అయినా శుభ్రతకని వెట్ వైప్స్ వాడుతూనే ఉన్నారు. పరీక్షలో అందరికీ ఇదే జాతి మందు పడదని తేలింది. వైప్స్ మానగానే త్వరలోనే పూర్తిగా నయమయింది.

ఇది చదివినప్పుడు మా పాప సంగతే ఎవరో వ్రాసినట్లు మాకు అనిపించింది. అక్కడ కూడా పెద్దలు మందు మీద మందు మార్చారు గాని, తుడిచే గుడ్డను అనుమానించలేదు.

2013 డిసెంబరులో ఐరోపాలోని సౌందర్య సాధనాల తయారీదారుల సంఘమే ఒంటి మీద ఉండిపోయే వస్తువులలోనూ వెట్ వైప్స్‌లోనూ ఈ మందు వాడవద్దని తన సభ్యులకు సలహా ఇచ్చింది. 2017 ఫిబ్రవరి నుంచి ఐరోపా సమాజంలో ఈలాటి వస్తువులలో దీనిని చట్టం ద్వారా నిషేధించారు. కడిగివేసే షాంపూలు, సబ్బు ద్రావకాలలో 10 లక్షల పాళ్లకు 15 పాళ్లు మించరాదని 2018లో పరిమితి పెట్టారు. చాలా కంపెనీలు తమ వైప్స్‌లో ఈ మందును మానివేశాయి. అయినా అన్ని ప్యాకెట్లూ ఒకటి కావు గనుక చదివి చూసుకోవడమే మేలు.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు?

"పుట్టినప్పటి నుంచి ఇవే వాడుతున్నాము, ఏమీ కాలేదే" అని కోడలు డాక్టరమ్మగారిని అడిగింది. చాలామంది తల్లుల ప్రశ్న ఇదే. ఈ అలర్జీ మొదటి రోజున రాదు. చర్మంలోకి దిగిన పదార్థాన్ని ఒంట్లోని రక్షణ కణాలు పరాయిదని గుర్తుపట్టి జ్ఞాపకం పెట్టుకుంటాయి. అందుకు కనీసం పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. కొందరికి నెలలు, సంవత్సరాలు కూడా పట్టవచ్చు. ఒకసారి గుర్తుపట్టిన తరువాత అది మరల తగిలితే, ఒకటి రెండు రోజుల్లో ఆ చోట ఎరుపు, దురద, పొక్కులు వస్తాయి. తగిలిన వెంటనే కాక ఆలస్యంగా రావడం వల్లనే కారణం దొరకదు. ఒంటికి పట్టిన ఆ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. దానిని తుడిచివేసే మందు లేదు. ఆ పదార్థాన్ని దూరంగా ఉంచడమే మార్గం.

సబ్బు కంటే వైప్స్‌తో ఎక్కువ చిక్కు ఎందుకంటే, సబ్బును నీళ్లతో కడిగివేస్తాము. వైప్‌లోని ద్రవం చర్మం మీదనే ఆరిపోతుంది. ఆపైన డైపరు బిగిస్తే గాలి ఆడక లోపలికి దిగుతుంది. రోజుకు పది, ఇరవైసార్లు ఈలాగు జరిగితే పసిచర్మం తట్టుకోవడం కష్టం.

ఈ ఒక్క పదార్థమే దోషి అని కూడా అనుకోరాదు. సువాసన కొరకు కలిపే పరిమళాలు, ఫార్మాల్డిహైడ్‌ను కొద్దికొద్దిగా విడిచే నిలవ మందులు, ప్రొపిలీన్ గ్లైకాల్, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్, చామంతి జాతి పూల రసాలు కూడా కొందరికి పడవు. "సహజమైనది" అని వ్రాసి ఉన్నంత మాత్రాన అందరికీ పడుతుందని కాదు. "హైపో అలర్జెనిక్" అన్న మాటను చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఆ మాట వాడడానికి అమెరికాలో కూడా ప్రభుత్వ ప్రమాణమేదీ లేదు.

ఎర్రబడినదంతా అలర్జీ కాదు

ఈ సంగతి చెప్పకపోతే మేము తల్లులను అనవసరంగా భయపెట్టినవారమవుతాము. పిల్లలకు డైపరు ఉన్నచోట వచ్చే ఎరుపులో ఎక్కువ భాగం మలమూత్రాల తడి వల్ల, రాపిడి వల్ల వచ్చేదే. తరచుగా మార్చి, కడిగి, గాలి తగలనిస్తే తగ్గుతుంది. తొడల మడతల్లో ముదురు ఎరుపు వచ్చి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు చెదిరినట్లు ఉంటే బూజు జాతి క్రిమి కావచ్చు. దానికి వేరే మందు ఉన్నది. రాత్రిళ్లు దురద ఎక్కువై, ఇంట్లో అందరికీ ఉంటే గజ్జి కావచ్చు.

వైప్స్‌ను అనుమానించవలసినది ఎప్పుడంటే, తుడిచిన చోట్లనే ఉండి, అంటే పిర్రలు, మూతి చుట్టూ, చేతులు, మందు రాస్తే తగ్గి మానగానే తిరిగి వస్తున్నప్పుడు. తుడిచే వారి వేళ్లు కూడా పగులుతుంటే అనుమానం బలపడుతుంది.

ప్యాచ్ టెస్టు అంటే ఏమిటి?

ఇది సూదితో గుచ్చేది గాని, రక్తపరీక్ష గాని కాదు. జర్మన్ వైద్యుడు యోసెఫ్ యడాసన్ 1895లో మొదట వివరించిన పద్ధతి ఇది. అనుమానమున్న పదార్థాలను చిన్న చిన్న గిన్నెల వంటి వాటిలో కొద్దిగా ఉంచి, వీపు మీద ప్లాస్టరుతో అంటిస్తారు. రెండు రోజులు వీపు తడపకూడదు. చెమట పట్టే పని చేయకూడదు. రెండు రోజులకు తీసి చూస్తారు. మరల నాలుగో రోజు ప్రాంతంలో చూస్తారు. పడనిది ఉన్నచోట ఎర్రగా, గట్టిగా ఉబ్బుతుంది. కోడలికి నాలుగో రోజున ఒక్క గడిలో ఆలాగు ఉబ్బింది. చర్మవ్యాధుల విభాగమున్న పెద్ద ఆసుపత్రులలో ఈ పరీక్ష చేస్తారు. ఇంట్లో సొంతంగా చేసుకోరాదు.

మేము నేర్చుకున్న జాగ్రత్తలు

ఇంట్లో ఉన్నప్పుడు గోరువెచ్చని నీళ్లు, మెత్తని నూలుగుడ్డ చాలు. పాత పంచె, పాత నేతచీర ముక్కలుగా కత్తిరించి, ఉతికి, మరగబెట్టి, ఎండలో ఆరవేసి పెట్టుకోండి. కడిగిన తరువాత రుద్దకుండా మెల్లగా అద్ది ఆరనివ్వండి. అప్పటికప్పుడు తడుపుకొన్న గుడ్డకు నిలవ మందుతో పనిలేదు. తడిపిన గుడ్డను మాత్రం మరునాటికి దాచవద్దు.

ప్రయాణంలో ఒక సీసాలో నీళ్లు, డబ్బాలో పొడి గుడ్డముక్కలు తీసుకొనిపోవచ్చు. నీళ్లు దొరకని చోట వైప్ వాడక తప్పకపోతే వాడండి. ఇల్లు చేరగానే ఆ చోటు నీళ్లతో కడగండి. ఒకసారి వాడినందుకు భయపడనక్కరలేదు. అదే అలవాటు కావడం వల్లనే చిక్కు.

కొనేటప్పుడు ప్యాకెట్టు వెనుక పదార్థాల పేర్లు చదవండి. ఇంగ్లీషు రాకపోతే బడికి పోయే పిల్లల చేత చదివించండి. చివర "థయాజోలినోన్" అని వచ్చే పేరు ఉంటే వద్దనుకోండి. నిలవ మందులు కొద్దిగానే కలుపుతారు గనుక వాటి పేర్లు సాధారణంగా వరుస చివరలో ఉంటాయి. సువాసన లేనిదే ఎంచుకోండి.

మందుల షాపులో అడిగి ట్యూబులు తెచ్చి పిల్లలకు రాయవద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ మందు ఉంటుంది. అది పైపైన ఎరుపును అణచివేస్తుంది గాని కారణాన్ని తీయదు. డైపరు క్రింద రాస్తే మరింతగా ఒంట్లోకి దిగుతుంది. ఎక్కువ రోజులు వాడితే చర్మం పలుచబడుతుంది. మేము మూడుసార్లు చేసిన తప్పు ఇదే.

జ్వరం, చీము, నీటిబుగ్గలు ఉంటే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. పెదవులు, ముఖం వాచి ఊపిరి ఆడకపోవడం వేరే రకమైన అలర్జీ. అప్పుడు క్షణం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

ఈ అలర్జీ ఉన్నదని తేలినవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇదే జాతి మందులు గిన్నెలు తోమే ద్రావకాలలో, షాంపూలలో, నీళ్లతో కలిపే గోడ రంగులలో కూడా ఉంటాయి. కొత్తగా రంగు వేసిన గదిలో ఉన్నందుకే ముఖం వాచిపోయిన రోగులను ఐరోపా డాక్టర్లు చూశారు. మన ఇళ్లకు పండుగ ముందే రంగులు వేయిస్తాము గనుక, అట్టివారిని కొన్ని వారాలు ఆ గదులకు దూరంగా ఉంచడం మంచిది. సున్నానికి ఈ మందు అక్కరలేదు. దాని ఘాటులో క్రిములు బతకవు. 2023 క్రిస్మస్‌కు కోడలు వస్తుందని మా ఇంటికి సున్నమే వేయించాము.

చివరిగా ఒక మాట

ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బిడ్డను సరిగా కడగడం లేదని మేమన్న మాటే ఆమె చేత ఇంకా ఎక్కువగా తుడిపించింది. ఆ తుడుపే బిడ్డను బాధించింది. ఆ తల్లి వేళ్లు పగులుతున్నా, పట్టించుకొని అడిగినవారు ఇంట్లో ఒక్కరూ లేరు.

తెల్లవారి కోడలిని కూర్చోబెట్టి, "అమ్మాయ్, నిన్ను అనరాని మాటలన్నాము. తప్పు మాదే" అని చెప్పాము. ఆమె కళ్లనీళ్లు పెట్టుకొని, "పోనీలెండి అత్తయ్యా, మామయ్యా. పాపకు కారణం తెలిసింది, అదే చాలు" అన్నది. ఆ పూటే పెట్టెలో ఉన్న పాత నేతచీర తీసి ముక్కలు కత్తిరించి ఇచ్చాము. ఇప్పుడు ఆమె ప్రయాణపు సంచిలో అవే ఉంటున్నాయి.

కావున పెద్దలారా, మీ ఇంట బిడ్డ ఒంటి మీద మానని ఎరుపు కనబడితే తల్లిని నిందించకండి. ఆమె ప్రక్కన కూర్చుండి, ఉదయం నుంచి రాత్రి వరకు ఆ బిడ్డ చర్మానికి ఏమేమి తగులుతున్నదో ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. సబ్బు, నూనె, పౌడరు, బట్టలు ఉతికే పొడి, తుడిచే గుడ్డ, ఏదీ విడువకండి. కారణం ఆ లెక్కలోనే దొరకవచ్చు.